సూరి భగవంతం

సూరి భగవంతం (అక్టోబరు 14, 1909 - ఫిబ్రవరి 6, 1989) ప్రముఖ భారతీయ భౌతిక శాస్త్రవేత్త, అధ్యాపకుడు, పరిపాలకుడు. కాంతి పరిక్షేపణం, స్ఫటికాల సౌష్ఠవం, ఘనపదార్థాల స్థితిస్థాపకత ఈయన ముఖ్య పరిశోధనా రంగాలు. సర్ సి.వి.రామన్ శిష్యులలో అగ్రగణ్యుడు. ఉస్మానియా విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్షుడుగా, బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థకు డైరెక్టరుగా, రక్షణ మంత్రికి శాస్త్రీయ సలహాదారుగా పనిచేశాడు. స్ఫటికంలోని అణువులు ఎన్ని విధాలుగా కంపించగలవో, ఆ కంపనాలలో ఏవి రామన్ వర్ణపటంలో కనిపిస్తాయో గణితం ద్వారా ముందుగానే లెక్కగట్టే పద్ధతిని టి.వెంకటరాయుడుతో కలిసి 1939లో ప్రకటించాడు. ఈనాడు కర్బన నానోనాళికల నుండి నూతన సిరామిక్ పదార్థాల వరకు పరిశోధకులు రామన్ వర్ణపటాలను చదివే పద్ధతికి ఇటువంటి లెక్కే పునాది.

బాల్యం, విద్య

భగవంతం కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో జన్మించాడు. గుడివాడలో ప్రాథమిక విద్య ముగించుకొని, హైదరాబాదు నిజాం కళాశాలలో పట్టభద్రుడయ్యాడు. ఆ రోజుల్లో నిజాం కళాశాల మద్రాసు విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఉండేది. భౌతికశాస్త్రంలో ప్రథముడిగా ఉత్తీర్ణుడైన ఈ యువకుడు ఉద్యోగం కోసం చూడక, 1928లో నేరుగా కలకత్తా వెళ్ళి బౌబజారు వీధిలోని ఇండియన్ అసోసియేషన్ ఫర్ ది కల్టివేషన్ ఆఫ్ సైన్స్‌లో రామన్ వద్ద చేరాడు. అప్పటికి వయస్సు పందొమ్మిదేళ్ళకు మించలేదు.

ఇక్కడ ఒక విషయం స్పష్టం చేయాలి. భగవంతం రామన్ ఫలితాన్ని కనుగొనడంలో పాల్గొన్నట్లు కొన్ని వ్యాసాలలో కనిపిస్తుంది. రామన్ ఫలితం 1928 ఫిబ్రవరి 28న వెలువడింది. ఆ ప్రయోగాలలో రామన్‌కు తోడుగా నిలిచినవాడు కె.ఎస్.కృష్ణన్. భగవంతం వచ్చేసరికి ఆవిష్కరణ జరిగిపోయింది. ఐతే ఆ ఫలితం ఏ పదార్థాలలో ఏ విధంగా కనిపిస్తుంది, దాని వల్ల పదార్థ నిర్మాణం గురించి ఏమి తెలుస్తుంది అన్న పని అప్పుడే మొదలయింది. ఈయన కృషి అంతా ఆ పనిలో జరిగింది. కీర్తి కోసం లేనిది అంటగట్టనవసరం లేదు, ఉన్నది చాలు.

కలకత్తా పరిశోధనలు

కలకత్తాలో గడిపిన నాలుగేళ్ళు భగవంతం జీవితంలో అత్యంత ఫలవంతమైనవి. 1929లోనే నాఫ్తలీన్ స్ఫటికాల అయస్కాంత ధర్మాలు వివిధ దిశలలో వేర్వేరుగా ఉండడాన్ని కొలిచి, లండన్ రాయల్ సొసైటీ పత్రికలో వ్యాసం ప్రచురించాడు. బట్టలపెట్టెలో వేసుకునే కలరా ఉండలు ఈ నాఫ్తలీనే. అందులోని కర్బన అణువులు షట్కోణాకారంలో, పలుచని పలకల వలె అమరి ఉంటాయి. పలకకు లంబంగా ఒక విధంగా, పలక వెంబడి మరొక విధంగా అయస్కాంత క్షేత్రానికి స్పందిస్తాయి. స్ఫటికాన్ని కోసి చూడకుండానే అణువులు ఏ వైపు వాలి ఉన్నాయో అయస్కాంతంతో పసిగట్టవచ్చునన్నమాట.

తరువాత ఆయన దృష్టి వజ్రం మీదికి మళ్ళింది. వజ్రం కూడా కర్బనమే, కాని ప్రతి కర్బన అణువు నలుగురు పొరుగువారితో గట్టిగా ముడిపడి ఉంటుంది. వజ్రం మీద ఏకవర్ణ కాంతిని ప్రసరింపజేస్తే, పరిక్షేపణం చెందిన కాంతిలో సెంటీమీటరుకు 1332 తరంగాల దూరంలో ఒకే ఒక బలమైన గీత కనిపిస్తుంది. ఈ గీతకు, వజ్రం యొక్క స్ఫటిక నిర్మాణానికి ఉన్న సంబంధాన్ని చర్చిస్తూ 1930లో ఇండియన్ జర్నల్ ఆఫ్ ఫిజిక్స్‌లో ఈయన వ్యాసం వెలువడింది. ఒకే గీత ఎందుకు? రెండు కాని మూడు కాని ఎందుకు కావు? ఈ ప్రశ్న ఆయనను దాదాపు పదేళ్ళు వెంటాడింది.

1931లో రామన్, భగవంతం కలిసి కాంతికణానికి, అనగా ఫోటానుకు, ఆత్మభ్రమణం ఉన్నదని ప్రయోగపూర్వకంగా నిరూపించామని ప్రకటించారు. అణువుల నుండి పరిక్షేపణం చెందిన కాంతి ఎంతవరకు ధ్రువణం చెంది ఉన్నదో కొలిచి, అణువుల భ్రమణానికి, కాంతికి మధ్య కోణీయ ద్రవ్యవేగ వినిమయం జరుగుతున్నదని వారు వాదించారు. నేటి పాఠ్యపుస్తకాలలో ఈ విషయానికి సాధారణంగా 1936లో బెత్ చేసిన ప్రయోగాన్ని ఉదహరిస్తారు. అందులో కాంతి ఒక పలుచని స్ఫటిక ఫలకాన్ని నిజంగానే మెలితిప్పుతుంది కనుక అది సూటియైన నిరూపణ. కలకత్తా ప్రయోగం పరోక్షమైనదే అయినా కాలక్రమంలో ముందున్నది అదే.

వాల్తేరులో

1932లో భగవంతం ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో అధ్యాపకుడుగా చేరాడు. అప్పుడు సర్వేపల్లి రాధాకృష్ణన్ ఉపాధ్యక్షుడు. జయపురం మహారాజా విరాళంతో విజ్ఞానశాస్త్ర కళాశాల అప్పుడప్పుడే రూపు దిద్దుకొంటున్నది. కలకత్తాలో అన్నీ అమర్చి ఉన్న ప్రయోగశాలను వదిలి, సముద్రపు ఒడ్డున కొత్తగా లేస్తున్న విశ్వవిద్యాలయానికి రావడం సాహసమే. అనతికాలంలోనే ఆచార్యుడై, భౌతికశాస్త్ర విభాగానికి అధిపతి అయ్యాడు. వెంకటరాయుడు, జె.భీమసేనాచార్, డి.సూర్యనారాయణ, బి.రామచంద్రరావు మొదలైన వారు ఇక్కడ ఆయనతో కలిసి పరిశోధనలు చేశారు.

సమూహ సిద్ధాంతం

గణితంలో సమూహ సిద్ధాంతం అనే శాఖ ఒకటి ఉంది. ఒక వస్తువును తిప్పినా, అద్దంలో చూపినా, తలక్రిందులు చేసినా ముందున్నట్లే కనిపిస్తే, ఆ మార్పులన్నింటినీ కలిపి ఆ వస్తువు యొక్క సౌష్ఠవ సమూహం అంటారు. ముగ్గుల పోటీలో చుక్కల ముగ్గును ఎటు నుండి చూసినా ఒకేలా ఉండడం అందరం ఎరిగినదే. అణువుల అమరికలోనూ అదే జరుగుతుంది. విడి అణుపుంజాల కంపనాలకు ఈ సిద్ధాంతాన్ని 1930ల మొదటి సగంలోనే పాశ్చాత్య శాస్త్రజ్ఞులు అన్వయించారు. అయితే స్ఫటికంలో అణువులు కోట్లానుకోట్లు. వాటి కంపనాలను లెక్కించడం ఎలా?

1939లో ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ ప్రొసీడింగ్స్‌లో భగవంతం, వెంకటరాయుడు దీనికి సులువైన మార్గం చూపారు. స్ఫటికమంతా ఒకే చిన్న ఘటకం మళ్ళీ మళ్ళీ పేర్చగా ఏర్పడినదే. రామన్ పరిక్షేపణంలో పాల్గొనే కంపనాలలో ఘటకాలన్నీ ఒకే తాళంలో ఊగుతాయి. కనుక ఒక్క ఘటకాన్ని పరిశీలిస్తే సరిపోతుంది. ఘటకంలోని అణువుల సంఖ్యను మూడుతో హెచ్చవేస్తే మొత్తం కదలికలు వస్తాయి. అందులో ఘటకం మొత్తంగా జరిగే మూడు కదలికలను తీసివేయాలి. మిగిలినవాటిని సౌష్ఠవాన్ని బట్టి వర్గీకరించి, ఏ వర్గం రామన్ వర్ణపటంలో, ఏ వర్గం పరారుణ వర్ణపటంలో కనిపిస్తుందో పట్టిక చూసి చెప్పవచ్చు.

వజ్రాన్నే తీసుకొందాం. దాని కనిష్ఠ ఘటకంలో రెండే అణువులు. మొత్తం కదలికలు 6. మూడు తీసివేయగా మిగిలినవి 3. వజ్రపు సౌష్ఠవం ఎంత ఎక్కువంటే, ఈ మూడూ ఒకే పౌనఃపున్యం కలవి. కనుక రామన్ వర్ణపటంలో గీత ఒక్కటే. అదే 1332. ఇదే కంపనం పరారుణ కాంతిని శోషించదనీ ఈ లెక్కే చెబుతుంది. 1930లో వేసుకున్న ప్రశ్నకు నాలుగు కూడికలు, తీసివేతలలో సమాధానం దొరికింది. విద్యార్థులు కాగితం మీద వేసి చూడదగిన లెక్క ఇది.

ఈ పరిశోధనల సారాంశాన్ని 1948లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 'థియరీ ఆఫ్ గ్రూప్స్ అండ్ ఇట్స్ అప్లికేషన్ టు ఫిజికల్ ప్రాబ్లమ్స్' అనే గ్రంథంగా ప్రచురించింది. ఇందుకు ఎనిమిదేళ్ళ ముందే, 1940లో, కాంతి పరిక్షేపణం గురించి ఆయన రాసిన పుస్తకం కూడా వాల్తేరులోనే అచ్చయింది. భౌతికశాస్త్రవేత్తలకు సమూహ సిద్ధాంతం కొరుకుడుపడని రోజుల్లో వెలువడిన 1948 నాటి పుస్తకం దేశవిదేశాలలో పాఠ్యగ్రంథమైంది.

ఇదే పద్ధతితో మరొక ముఖ్యమైన పని జరిగింది. స్ఫటికాన్ని నొక్కితే అందులో కాంతి ప్రసరించే తీరు మారుతుంది. ఈ మార్పును వర్ణించడానికి ఏ తరగతి స్ఫటికానికి ఎన్ని స్థిరాంకాలు అవసరమో జర్మన్ శాస్త్రజ్ఞుడు పోకెల్స్ పట్టికలు తయారుచేశాడు. దశాబ్దాలుగా అందరూ ప్రమాణంగా వాడుకొంటున్న ఆ పట్టికలలో కొన్ని తరగతులకు లెక్క తప్పినట్లు 1942లో భగవంతం చూపించాడు. ఇందుకు పరికరాలేవీ అవసరం కాలేదు.

వజ్రపు స్థితిస్థాపకత: ఒక సాహసం, ఒక పొరపాటు

రెండవ ప్రపంచయుద్ధ కాలంలో, 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం మీద జపాను విమానాలు బాంబులు వేశాయి. యుద్ధకాలంలో విశ్వవిద్యాలయాన్ని గుంటూరుకు తరలించారు. పరికరాల దిగుమతికి వీలులేని ఆ సంవత్సరాలలో భగవంతం, భీమసేనాచార్ అంతవరకు ఎవరూ సంపూర్ణంగా కొలవని వజ్రపు స్థితిస్థాపక స్థిరాంకాలను కొలవడానికి పూనుకొన్నారు.

వజ్రాన్ని సాగదీసి కొలవడం సాధ్యం కాదు. దొరికేవి చిన్న చిన్న పలకలు. అందువల్ల వారు అతిధ్వనులను ఆశ్రయించారు. ఒకవైపు మందంగా, ఒకవైపు పలుచగా మేకు ఆకారంలో చెక్కిన క్వార్ట్జ్ ముక్కను విద్యుత్తుతో కంపింపజేస్తే, దాని వేర్వేరు భాగాలు వేర్వేరు పౌనఃపున్యాల వద్ద స్పందిస్తాయి. అందుచేత ఒకే ముక్కతో పౌనఃపున్యాన్ని ఎడతెగకుండా మార్చుకుంటూ పోవచ్చు. ఆ ధ్వనిని వజ్రపు పలక గుండా పంపితే, పలక సహజ పౌనఃపున్యం వద్ద ఎక్కువగా ప్రసరిస్తుంది. అవతలి ద్రవంలో కాంతి వివర్తనం ద్వారా దానిని కంటితో చూడవచ్చు. పలక మందం, పౌనఃపున్యం తెలిస్తే ధ్వని వేగం తెలుస్తుంది. వేగం యొక్క వర్గాన్ని సాంద్రతతో గుణిస్తే స్థిరాంకం వస్తుంది. ఒక మిల్లీమీటరు మందం గల వజ్రపు పలకకు ఈ పౌనఃపున్యం సెకనుకు సుమారు 80 లక్షల కంపనాలు ఉంటుంది.

1944లో నేచర్ పత్రికలో, 1946లో రాయల్ సొసైటీ పత్రికలో ఫలితాలు వచ్చాయి. ఘన సౌష్ఠవం గల స్ఫటికానికి ఉండే మూడు స్థిరాంకాలకు వారిచ్చిన విలువలు, నేటి ప్రమాణాలలో, వరుసగా 950, 390, 430 గిగాపాస్కల్‌లు. అదే సమయంలో స్ఫటిక కంపనాల విషయమై రామన్‌కు, మాక్స్ బార్న్‌కు మధ్య తీవ్రమైన వివాదం నడుస్తున్నది. వజ్రపు వర్ణపటం ఆ వివాదానికి కేంద్రం. విచిత్రమేమంటే, రామన్ శిష్యుడు కొలిచిన ఈ విలువలనే బార్న్ తన సిద్ధాంతంతో పోల్చి చూసుకొన్నాడు. ఆయన బృందంలోని హెలెన్ స్మిత్ వజ్రపు కంపనాలను లెక్కించడానికీ వీటినే వాడింది. ఒక కొలత తటస్థమైనదని చెప్పడానికి ఇంతకంటె ఏమి కావాలి?

అయితే ఆ విలువలు నిలవలేదు. 1957లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో మెక్‌స్కిమిన్, బాండ్ మెరుగైన పరికరాలతో కొలవగా 1076, 125, 576 వచ్చాయి. మొదటి స్థిరాంకంలో తేడా స్వల్పం. ధ్వని వేగంగా చూస్తే సెకనుకు 16.5 కిలోమీటర్లకు బదులు 17.5 కిలోమీటర్లు, అంతే. రెండవదానిలో మాత్రం మూడు రెట్ల తేడా ఉంది. కారణం గ్రహించడం కష్టం కాదు. రెండవ స్థిరాంకాన్ని నేరుగా కొలవలేము, ఇతర దిశలలోని వేగాల నుండి తీసివేతల ద్వారా రాబట్టాలి. వేగాన్ని వర్గం చేయడంతో చిన్న దోషం రెట్టింపవుతుంది. పెద్ద సంఖ్యలోంచి పెద్ద సంఖ్యను తీసివేయగా మిగిలిన చిన్న సంఖ్య మీద ఆ దోషమంతా పడుతుంది. ప్రయోగశాలలో మార్కుల కోసం అంకెలు సర్దే విద్యార్థులు గమనించవలసిన ఉదాహరణ ఇది. పదమూడేళ్ళపాటు ప్రపంచమంతా వాడుకొన్న ఈ సంఖ్యలు తప్పని తేలినా, మొదట కొలిచినవారి పేరు ఈ రంగంలోని వ్యాసాలలో ఇప్పటికీ కనిపిస్తూనే ఉంది.

వజ్రం నుండి కర్బన నాళికల వరకు

1990ల తరువాత కర్బనం మరొక రూపంలో పరిశోధకుల చేతికి చిక్కింది. గ్రాఫైట్ పొరను చాపలా చుట్టినట్లుండే నానోనాళికలు వెంట్రుక కంటె కొన్ని వేల రెట్లు సన్నగా ఉంటాయి. 1997లో సైన్స్ పత్రికలో అప్పారావు ఎం. రావు తొలి రచయితగా వెలువడిన వ్యాసం, ఈ నాళికల రామన్ వర్ణపటం వాటి వ్యాసాన్ని బట్టి మారుతుందని చూపింది. నాళిక ఊపిరి పీల్చినట్లు ఉబ్బుతూ, కుంచించుకుపోతూ కంపించినప్పుడు తక్కువ పౌనఃపున్యం వద్ద ఒక గీత వస్తుంది. నాళిక ఎంత లావైతే ఆ పౌనఃపున్యం అంత తక్కువ. ఒక నానోమీటరు వ్యాసం గల నాళికకు అది సెంటీమీటరుకు సుమారు 230 నుండి 250 తరంగాల మధ్య ఉంటుంది. ఒక రకం నాళికకు ఘటకంలో 40 అణువులు, అంటే 120 కదలికలు. అందులో రామన్ వర్ణపటంలో కనిపించగలిగినవి కొద్ది మాత్రమే. ఆ కొద్దీ ఏవో చెప్పేది మళ్ళీ సౌష్ఠవ గణితమే.

పాలిమర్ నుండి తయారయ్యే సిరామిక్‌లలోనూ ఇదే పరిస్థితి. సిలికాన్ గల పాలిమర్‌ను గాలి తగలకుండా దాదాపు 1000 డిగ్రీల సెల్సియస్ వరకు వేడిచేస్తే అది కరిగిపోక గట్టి సిరామిక్‌గా మారుతుంది. 1975లో జపాను శాస్త్రజ్ఞుడు యాజిమా ఈ విధంగా సిలికాన్ కార్బైడ్ నారలు తీశాడు. పాలిమర్‌లో రంధ్రాలు ఉండేటట్లు చేసి, నికెల్ వంటి లోహపు రేణువులను ఉత్ప్రేరకంగా కలిపితే, వేడికి పాలిమర్ నుండి వెలువడే హైడ్రోకార్బన్ వాయువులే మేతగా ఆ రంధ్రాల గోడల మీద నానోనాళికలు మొలకెత్తుతాయి. బయటినుండి కర్బన వాయువును పంపి పెంచే పద్ధతి కూడా ఉంది. రంధ్రాల లోపల మొలిచింది నాళికా లేక ఉత్త మసా అని తెలుసుకోవడానికి ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో పాటు రామన్ వర్ణపటమే ఆధారం. 1580 దగ్గర గీత క్రమబద్ధమైన కర్బనానికి గుర్తు, 1350 దగ్గరి గీత లోపాలకు గుర్తు. రెండింటి తీవ్రతల నిష్పత్తి నాణ్యతను సూచిస్తుంది. 1350 గీత వజ్రపు 1332కు దగ్గరగా ఉన్నా రెండూ ఒకటి కావు. వజ్రపు గీత సన్నగా సూదిలా ఉంటుంది, లోపాల గీత వెడల్పుగా ఉంటుంది. మదనపల్లె, పుంగనూరు, కుప్పం వంటి ఊళ్ళ కళాశాలలలో రామన్ ఫలితం పాఠం చదివే విద్యార్థులకు ఈ పట్టికల వెనుక వాల్తేరు ఉన్నదని తెలియడం అరుదు. భగవంతం నానోనాళికలను చూడలేదు. అవి ప్రసిద్ధికెక్కింది ఆయన మరణించిన రెండేళ్ళకు, 1991లో.

పరిపాలనా బాధ్యతలు

1948-49లో భగవంతం లండన్‌లోని భారత హైకమిషన్‌లో శాస్త్ర సంబంధాల అధికారిగా ఉన్నాడు. తిరిగివచ్చి ఉస్మానియా విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్ర ఆచార్యుడుగా చేరి, 1952 నుండి 1957 వరకు ఉపాధ్యక్షుడుగా పనిచేశాడు. ఉస్మానియాలో భూభౌతికశాస్త్ర బోధన మొదలు కావడం వెనుక ఆయన చొరవ ఉంది.

1957లో బెంగుళూరు భారతీయ విజ్ఞాన సంస్థ డైరెక్టరయ్యాడు. ఆ సంస్థ పుట్టినదీ, ఆయన పుట్టినదీ 1909లోనే కావడం యాదృచ్ఛికం. ఆయన హయాంలోనే 1958లో సంస్థకు విశ్వవిద్యాలయ ప్రతిపత్తి లభించింది. 1962లో ఆయన తరువాత సతీష్ ధావన్ ఆ పదవిని చేపట్టాడు.

1961 నుండి 1969 వరకు రక్షణ మంత్రికి శాస్త్రీయ సలహాదారుగా, రక్షణ పరిశోధన, అభివృద్ధి సంస్థకు అధిపతిగా ఉన్నాడు. 1962లో చైనాతో, 1965లో పాకిస్తాన్‌తో యుద్ధాలు జరిగిన కాలమది. రక్షణ లోహ పరిశోధనశాల, క్షిపణులకు సంబంధించిన రక్షణ పరిశోధన, అభివృద్ధి ప్రయోగశాల హైదరాబాదులో స్థిరపడినది ఈ సంవత్సరాలలోనే. తరువాతి కాలంలో హైదరాబాదు రక్షణ పదార్థాల పరిశోధనకు కేంద్రం కావడానికి బీజాలు అప్పుడు పడ్డాయి. కర్బన మిశ్రమ పదార్థపు ఉష్ణకవచంతో అగ్ని క్షిపణిని మొదటిసారి ప్రయోగించింది 1989 మే 22న, భగవంతం మరణించిన మూడు నెలలకు.

పదవుల వల్ల ఆయన పరిశోధన కుంటుపడిందన్నది నిజం. 1949 తరువాత ఆయన స్వయంగా ప్రయోగాలు చేసింది తక్కువ. అయినా పూర్తిగా వదలలేదు. ఢిల్లీలో ఉండగానే పి.వి.పంతులుతో కలిసి అయస్కాంత స్ఫటికాల సౌష్ఠవంపై వ్యాసం రాశాడు. 1966లో లండన్‌లోని అకడమిక్ ప్రెస్ ఆయన రచించిన 'క్రిస్టల్ సిమ్మెట్రీ అండ్ ఫిజికల్ ప్రాపర్టీస్' గ్రంథాన్ని ప్రచురించింది. రక్షణ మంత్రిత్వ శాఖ దస్త్రాల నడుమ ఇటువంటి పుస్తకం పూర్తి చేయడం సామాన్యం కాదు.

చివరి సంవత్సరాలు

పదవీ విరమణ తరువాత వర్ధమాన దేశాలలో శాస్త్ర సాంకేతిక వ్యాప్తికి ఏర్పడిన అంతర్జాతీయ సమితిలో పనిచేశాడు. సత్య సాయిబాబా భక్తుడుగా కూడా ఆయన ప్రసిద్ధుడు. బాబా తెలుగు ప్రసంగాలను సభలలో ఎప్పటికప్పుడు ఆంగ్లంలోకి అనువదించేవాడు. శాస్త్రజ్ఞుడై ఉండి మహిమలను సమర్థించడాన్ని హేతువాదులు తీవ్రంగా విమర్శించారు. ఈయన మాత్రం తన మార్గం మార్చుకోలేదు. స్ఫటికశాస్త్రంలో ఆయన లెక్కలకు, ఈ విశ్వాసాలకు సంబంధం లేదు కనుక రెండింటిని విడివిడిగా చూడడమే సమంజసం.

1989 ఫిబ్రవరి 6న, తన 80వ యేట భగవంతం మరణించాడు.